కత్తి కోసం పలాస దాకా

శృంగవరపుకోటలో పొద్దున్న ఆరున్నరకి విజయనగరం బస్సెక్కాను. పల్లెవెలుగు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. కార్డు ఇంట్లో మరిచిపోయి కండక్టరుతో గొడవకి దిగకండి, ఆయన వినడు. కిటికీ పక్క సీటే దొరికింది కానీ స్థిమితంగా కూర్చోలేకపోయాను. వెళ్తున్న పని అలాంటిది.

పదకొండు నెలల కిందటి వరకూ నేను పలాసలో ఓ జీడిపప్పు షెడ్డులో పనిచేశాను. పదహారేళ్లు. పిక్క పగలగొట్టి తీసిన పప్పుకి చిన్న కత్తితో పొట్టు తీయడం నా పని. పప్పు విరక్కూడదు. విరగని పప్పు గుండు, విరిగితే బద్ద. గుండుకి ఉన్న గౌరవం బద్దకి లేదు. ఒకరోజు సాయంత్రం షావుకారుగారి అబ్బాయి గేటు దగ్గర నిలబడి, అందరి ముందూ నా సంచీ బోర్లించాడు. అన్నం డబ్బా, దువ్వెన, మందుల చీటీ నేలమీద పడ్డాయి. పప్పు ఒక్కటి రాలలేదు. షావుకారుగారు పక్కనే ఉండి కొడుకుని వారించలేదు. అవన్నీ ఏరుకుని బయటికి వచ్చినదాన్ని మళ్లీ ఆ గడప తొక్కలేదు. శృంగవరపుకోటలో అక్క ఇంటికి వచ్చేసి, ఓ సూపర్‌మార్కెట్టులో కందిపప్పు, మినప్పప్పు పొట్లాలు కడుతున్నాను. "ఏసీలో పని, నీకేటే లోటు?" అంటుంది అక్క. లోటేమీ లేదు. మాట్లాడేవాళ్లు లేరు, అంతే.

ఆ కోపంలో ఓ పొరపాటు చేశాను. మా షెడ్డులో ఎవరి కత్తి వాళ్లదే. పని మానేసేవాళ్లు కత్తి పట్టుకుపోతారు. పురిటికో, ఊరికో వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు గోడగూట్లో పెట్టి వెళ్తారు. గూట్లో కత్తి ఉన్నంతకాలం ఆమె పీటమీద ఇంకొకరు కూర్చోరు. నేను నాది గూట్లోనే వదిలేసి వచ్చాను. మొన్న షావుకారుగారు ఫోన్ చేసేదాకా ఆ సంగతే గుర్తు లేదు.

"నీ కత్తి ఇక్కడే ఉంది సత్తెమ్మా. ఎప్పుడొస్తావు?" అన్నారాయన.

వెళ్లి కత్తి తెచ్చేసుకుంటానని అక్కతో చెప్పాను. మళ్లీ చేరతానో లేదో మాత్రం నాకే తెలీదు.

విజయనగరంలో దిగేసరికి ఎనిమిది. స్టేషను బయట నాలుగిడ్లీలు తిని, పలాస పాసింజరుకి టికెట్టు తీసుకున్నాను. నలభై రూపాయలు దాటదు. చీపురుపల్లిలో జనం దిగాక కాళ్లు చాపుకునే చోటు దొరికింది. ఎదురుగా ఖాళీ గంపతో ఒకామె కూర్చుంది. ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వెళ్తోంది, నౌపడాలో దిగుతుందట.

"ఎందాకా ఎల్తన్నావమ్మా?"

"పలాస. నా కత్తి అక్కడ ఉండిపోయింది, తెచ్చుకోడానికి."

"ఏటీ, కత్తి కోసమా! బజార్లో దొరకదేటి?"

చుట్టుపక్కలవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపటికి ఆమే గొంతు తగ్గించి, "అలిగొచ్చీసినావేటి?" అంది. అవునన్నాను. "నానూ మా ఆడపడుసుతో మూడేళ్లు మాటాడ్నేదు. అదే పిలిసింది. ఎల్లిపోనాను," అంటూ గంప నెత్తికెత్తుకుని దిగిపోయింది.

పలాస చేరేసరికి పన్నెండు దాటింది. షేర్ ఆటోలో షెడ్డుకి వెళ్లాను. జీడితొక్క కాలుతున్న వాసన తగలగానే కళ్లు చెమర్చాయి. పొగవల్ల అనుకుందామంటే పొగ నాకు కొత్త కాదు.

అన్నాల వేళ. "ఒసే, సత్తొచ్చీసిందే!" అంటూ ఎంగిలిచేత్తోనే కావలించుకుంది పారమ్మ. పదహారేళ్లు నా పక్క పీట ఆమెది. తన డబ్బాలోంచే నాలుగు ముద్దలు తినిపించి, గూట్లోంచి పాతచీర గుడ్డలో చుట్టిన నా కత్తి తెచ్చింది. మొన్ననే కొన్నట్టు తళతళలాడుతోంది.

"వారం వారం ఆవదం రాసినాను. తుప్పట్టీదా మరి?"

కిటికీ పక్కన నా పీట ఖాళీగానే ఉంది. కూర్చున్నాను. మొదటి పప్పు పుటుక్కున రెండు బద్దలైంది. అందరూ గొల్లున నవ్వారు. రెండోది గుండుగా వచ్చింది. అంతలో షావుకారుగారు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డారు.

"ఆ రోజు నేను నోరిప్పాల్సింది సత్తెమ్మా. తప్పు మాదే. ఇప్పుడు గేటు దగ్గర ఎవరి సంచీనీ చూడ్డంలేదు. రేపట్నుంచి వచ్చెయ్."

ఆ మాట కోసమే పదకొండు నెలలు కాచుకున్నానని అప్పుడు తెలిసింది. కొంగుతో మొహం తుడుచుకున్నాను. వస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. సంబరంలో పారమ్మకేసి తిరిగి, "కోడలు ఎలా ఉందే?" అని అడిగాను. ఆమె తల దించుకుని డబ్బా సర్దుకుంది. వెనక పీటమీది ఎర్రమ్మ చెప్పింది.

"అది మందస కాడ షెడ్డుకి ఎల్తాది. రెండు బస్సులు మారాల. సంటిదాన్ని ఒగ్గీసి సీకటితో బయల్దేరతాది. నీ పీట అడగమని మేవంతా సెప్పినాం. పారమ్మ ఒల్లంది."

"అడగొచ్చు కదే?" అన్నాను.

"నీ కత్తి ఉన్నాది కదేటి! ఎలాగడుగుతాను?" అంది పారమ్మ, తల ఎత్తకుండా.

ఆ షెడ్డులో పట్టేవి ఇరవై పీటలే. ఇరవై ఒకటోదానికి గోడలు జరగవు. నా మతిమరుపుకి ఆ పిల్ల పదకొండు నెలలు బస్సుల్లో నలిగింది. దానికి కారణం నేనని ఈ ముసల్ది ఒక్కనాడూ అనుకోలేదు, పైగా వారం వారం ఆవదం రాసింది.

లేచి, కత్తిని గుడ్డలో చుట్టాను. "మీ మాట చాలు బాబూ. నా పీట పారమ్మ కోడలికి ఇవ్వండి," అన్నాను. ఆయన సరేనని తలూపారు. పారమ్మ గేటు దాకా వచ్చింది. అలవాటు కొద్దీ సంచీ మూతి తెరిచి పట్టుకున్నాను. చూసేవాళ్లెవరూ లేరు.

"ఇంకెక్కడా మర్సిపోకే," అంది పారమ్మ, కత్తి ఉన్న సంచీని తడుముతూ. ఇద్దరం ఏడ్చాం.

మూడు దాటాక తిరుగు పాసింజరు దొరికింది. నౌపడా దగ్గర ఉప్పుమళ్లమీద ఎండ పడుతోంది. అక్కడ దిగిపోయిన గంపామె మళ్లీ ఎక్కుతుందేమోనని గుమ్మంకేసి చూశాను. ఎక్కలేదు. ఎక్కితే ఒక మాట చెప్పాలనుకున్నాను. అదే మాట రాత్రి అక్కకీ చెప్పాలి: దొరకదమ్మా, ఇది ఏ బజార్లోనూ దొరకదు.