పద్యానికి పడని వన్స్ మోర్

బందరు నుంచి నాగాయలంక వెళ్ళే బస్సులో నా ఒళ్ళో ఒక కండువా, ఒక అట్ట ఉన్నాయి. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘ఇది నాటకం. ఈయన రైతు కాడు’ అని రాసి ఉంది. దాన్ని మెడలో వేసుకుని నేను జనం ముందుకు రావాలి.

ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు రోజుల్లో పద్యనాటకాలు ఆడాను. మా ఆవిడ ప్రతి నాటకానికీ వచ్చి రెండో వరసలో కూర్చునేది. నేను చనిపోయే ఘట్టంలో కొంగుతో కళ్ళొత్తుకునేది. ముందురోజు వంటింట్లోంచి అదే ఘట్టం రిహార్సల్ విన్న మనిషి ఆవిడ.

పోయిన కార్తీకంలో ఆవిడ కన్నుమూసింది. ఆ రోజు డైరీలో ఆ సంగతి రాసి, కింద ఎప్పటిలాగే వాతావరణం కూడా రాశాను. మబ్బుగా ఉంది. తర్వాత కూడా నాకు ఏడుపు రాలేదు. అన్నం తింటున్నాను, డైరీ రాస్తున్నాను, పడుకుంటున్నాను. అంతే.

గుడివాడలో ఒక కాలేజీ లెక్చరరు కొత్త రకం నాటకం వేస్తున్నాడని, ముసలి రైతు వేషానికి మనిషి కావాలని కబురొస్తే వెళ్ళాను. కథ చిన్నది. చుట్టూ ఉన్న చేలన్నీ రొయ్యల చెరువులైపోతాయి. మధ్యలో ఒక్క చేను మిగులుతుంది. ఉప్పు ఊరి వరి ఎండిపోతుంది. రైతు చివరికి దాన్నీ చెరువుకి ఇచ్చేసి, గట్టు మీద పడి చనిపోతాడు.

“మావయ్యగారూ, జనం ఏడవకూడదండి,” అన్నాడు లెక్చరరు మొదటిరోజే. “ఏడ్చినవాడు తేలిక పడిపోయి ఇంటికెళ్ళి నిద్రపోతాడు. ఇట్టా ఎందుకు జరిగిందని వాడికి అనుమానం రావాలి. అందుకే మీరు రైతు అయిపోవద్దు. రైతు ఏమన్నాడో మాకు చూపించండి, చాలు.”

అందుకని ప్రతి మాట చివరా ‘అని ఈయన అన్నాడు’ అని చేర్చాలి. అలాగే చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు.

“ఏ భావమూ లేకుండా ఎంత బాగా చెప్తున్నారండీ. మావాళ్ళకి నేర్పిస్తే కూడా రావట్లేదు.”

అది నటన కాదని నేను చెప్పలేదు.

చావు దగ్గర మాత్రం ఆయన ఒక ఎర వేశాడు. పాత నాటకాల్లో లాగా రైతు చేత ఒక పద్యం పాడించాడు. మన వైపు పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు. చచ్చి పడున్నవాడు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఇక్కడ వన్స్ మోర్ పడగానే నేను లేచి, పాడకుండా, “మళ్ళీ చావమంటారా? మొదటిసారి చచ్చినందుకు మీరేం చేశారో చెప్పండి,” అని అడగాలి. నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే.

ఆ నాటకం నాగాయలంక పక్క ఊళ్ళో వేస్తారని తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో మా ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరన్నర ఉంది. ఏళ్ళ తరబడి ఒకావిడ దాన్ని కౌలుకి చేస్తోంది. ఆవిడ భర్త సముద్రం మీద వేటకి వెళ్తాడు, పొలం పనంతా ఆవిడదే. మా చేను చుట్టూ చెరువులు తవ్వించిన ఆసామి ఒకాయన, మా ఆవిడ పోయాక వచ్చిన వేసవిలో బందరు వచ్చి, మీదీ ఇచ్చేయండి బాబాయ్ గారూ, అన్నాడు. సరేనన్నాను. వద్దనడానికైనా కొంత కోరిక ఉండాలి. కౌలు చేసే ఆవిడకి చెప్పాలని అనుకున్నాను గాని చెప్పలేదు.

నాటకం సాయంత్రం, వెలుతురు ఉండగానే మొదలైంది. జనం ఒకరి మొహం ఒకరికి కనపడాలని లెక్చరరు పట్టుదల. ఊరి బడి ముందు అరుగే వేదిక. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో చెరువుల ఆసామి ఉన్నాడు. ఆడవాళ్ళ మధ్యలో కౌలు చేసే ఆవిడ నేల మీద కూర్చుంది. అట్ట వేసుకుని నిలబడ్డాను, మాటలు చెప్పాను, పద్యం పాడి పడిపోయాను. గొంతు బాగానే పలికింది.

వన్స్ మోర్ పడలేదు.

కళ్ళు మూసుకుని పడుకునే ఉన్నాను. దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తోంది. అరుగు చల్లగా ఉంది. ఎవరూ ఏమీ అనకపోతే ఇలాగే ఉండిపోవచ్చు అనిపించింది. అదేమీ దుఃఖంగా అనిపించలేదు.

“లేవండి బాబాయ్ గారూ,” అంది ఒక గొంతు. “చచ్చింది మీరు కాదుగా. మెళ్ళో రాసే ఉందిగా.”

జనం నవ్వారు. లేచి కూర్చున్నాను. కౌలు చేసే ఆవిడ నిలబడి ఉంది.

“ఒక మాట అడగొచ్చాండీ?”

లెక్చరరు మొహం వెలిగిపోయింది. “అడగండమ్మా. మేం వచ్చిందే అందుకు.”

“మిమ్మల్ని కాదండీ, ఈయన్ని. మన చేను చివర పొక్లెయిన్ తెచ్చి ఆపారు. ఎవర్ని అడిగినా మీ బాబాయ్ గారినే అడుగు అంటున్నారు. ఇంతకీ మన చేను ఏం చేస్తున్నారు?”

“రొయ్యల చెరువుకి ఇస్తున్నానమ్మా,” అన్నాను. “మాట ఇచ్చేశాను.”

అప్పుడు వెనక మోటారుసైకిళ్ళ మీద కూర్చున్నవాళ్ళలోంచి ఒకడు అరిచాడు.

“వన్స్ మోర్!”

గొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లెక్చరరు చేతిలోని కాగితాలు తిప్పి నా వైపు చూశాడు. వన్స్ మోర్ పడితే నేను అనాల్సిన మాట ఉంది. నోటి దాకా వచ్చింది. మీరేం చేశారో చెప్పండి అని ఎవర్ని అడగను? ఎదురుగా నిలబడి ఉన్నది ఆవిడ.

అందుకని వాళ్ళు అడిగిందే చేశాను. “రొయ్యల చెరువుకి ఇస్తున్నానమ్మా. మాట ఇచ్చేశాను.” రిహార్సల్ అలవాటు కొద్దీ చివర, “అని ఈయన అన్నాడు,” అని కూడా వచ్చేసింది.

మొదటిసారి అన్నప్పుడు ఆ మాట నాకు వినపడలేదు. రెండోసారి వినపడింది. చివరి వరస దాకా వెళ్ళే గొంతుతో, తొణకకుండా చెప్తున్నాడు ఎవరో. ఎందుకు ఇస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆయనకి ఆ చేను అక్కర్లేకపోతే, ఆవిడకి కావాలి కదా. ఆ సంగతి ఎవరూ ఆయన్ని అడిగినట్టు లేదు.

“ఆయన అన్నాడు, సరేనండీ,” అంది ఆవిడ. “మీరేమంటారు?”

“తెలీదమ్మా.”

“తెలిసిందాకా ఆ మిషన్ తీయించండి మరి. నేను సార్వాకి నారు పోసుకోవాలి.”

ముందు వరస వైపు తిరిగాను. “తీయించండి,” అన్నాను.

“అదేంటి బాబాయ్ గారూ, మాటిచ్చారుగా,” అన్నాడు ఆసామి. కోపంగా కాదు, లెక్క కుదరనివాడిలా.

“ఇచ్చాను.”

ఇంకా ఏమైనా చెబుతానని ఆయన చూశాడు. ఆయన లేచి, కుర్చీ వెనక్కి జరిపి, ఫోను తీసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆడవాళ్ళలో ఎవరో ఉప్పగా మారిన తాగునీటి సంగతి ఎత్తారు. మోటారుసైకిళ్ళ వైపు నుంచి ఎవరో ఎదురు మాట్లాడారు. మా అవసరం లేకుండానే గొడవ సాగింది. లెక్చరరు ఒక పక్కన నిలబడి వింటున్నాడు. నేను అట్ట తీసి గోడకి ఆనించాను.

తిరుగు బస్సు ఎక్కేటప్పుడు ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది.

“పిన్నిగారైతే ఏడ్చేవారండీ, మీరు పడిపోయినప్పుడు,” అంది.

“ఊఁ,” అన్నాను.

బస్సు కదిలింది. మా చేను మలుపులో కనపడుతుంది. పొక్లెయిన్ ఇంకా అక్కడే ఉంది. ఒక మనిషి దాని మీదికి ఎక్కుతున్నాడు. తీసుకెళ్ళడానికో, తవ్వడానికో తెలియలేదు. ఆసామికి ఫోను చేశాను. తీసుకెళ్ళడానికే అన్నాడు.