లప్పం దుమ్ము, మా నాన్న తెలివి

మా చిన్నప్పుడు... ఇంటి నిండా పేరుకున్న లప్పం దుమ్మును మా నాన్న ఫ్యాన్లు వేసి బయటికి తరమాలని చూశాడు. నిజంగా! తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, మూడు ఫ్యాన్లూ జోరుగా తిప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. దుమ్ము పోతుందా? చక్కగా పైకి లేచి, గదులన్నీ తిరిగి, బియ్యం డబ్బా మీద, అమ్మ మడతపెట్టిన చీరల మీద తీరిగ్గా కూర్చుంది.

చిక్కడపల్లిలో మాది చిన్న ఇల్లు. కింద షాబాదు బండలు. గోడలు పెచ్చులూడుతున్నాయని, నాయనమ్మ ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడే బాగుచేయిద్దామనుకున్నారు. గోడలకు లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే రాలే పొడి ఉంటుందే... దాని ముందు మైదాపిండి కూడా ముతకే.

ఆసుపత్రిలోనే ఇంకో వారం ఉంచుతారనుకున్న నాయనమ్మను రేపు పొద్దున్నే తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. దుమ్ము తగిలితే మళ్ళీ ఊపిరాడదని గట్టిగా చెప్పి మరీ పంపుతున్నారు.

కూలికి వచ్చినవాళ్ళలో పాలమూరు ఆమె ఒకామె ఉండేది. తట్టలోకి చెత్త ఎత్తుతూ ఈ తమాషా చూసి, ఉండబట్టలేక అంది... "సారూ, పంకలు బంద్ చెయ్యుర్రి. దుమ్మును కింద పండనియ్యాలె. నీళ్ళు గూడ కొట్టకుర్రి, ఖరాబైతది."

"ఇసుక మోసేదానివి, నీకేం ఎరుక? నీ పని నువ్వు చూస్కో" అన్నాడు నాన్న.

అని, పంతానికి నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించాడు. లప్పం పొడిలో నీళ్ళు పోస్తే ఏమవుతుంది? మళ్ళీ లప్పమే అవుతుంది! గోడకు పట్టాల్సింది బండలకు పట్టి, సందుల్లో గట్టిపడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ బండలే మంచిగ లెవ్వు" అని పేపరు పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. ఆయనకు మనుషులను దుమ్మెత్తి పోయడం వచ్చు గానీ, దుమ్మెత్తడం రాదు.

చివరికి అమ్మే ఆమెను బతిమాలింది. "జర నువ్వే చూడమ్మా... రేపు మా అత్తమ్మ వస్తది."

ఆమె ముందు ఫ్యాన్లు ఆపింది. కిటికీలు మూసి, మమ్మల్నందరినీ బయట కూర్చోబెట్టింది. గాల్లో ఉన్నదంతా కిందికి దిగేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదట. ఈలోపు నన్నూ అక్కనూ నారాయణగూడలో వడ్రంగి దుకాణానికి తోలింది, రంపపు పొట్టు తెమ్మని. ఆ పొట్టును తడిపి, పిడికిట పట్టి చుక్క కారకుండా పిండి, బండల మీద చల్లింది. అప్పుడు ఊడ్చింది... చీపురు లేపకుండా, నేలకు ఆనించి, మెల్లగా. దుమ్మంతా పొట్టుకు అంటుకుని వచ్చేసింది. నాన్న చేసిన ఘనకార్యాన్ని మాత్రం గొంతుక్కూర్చుని రేకుముక్కతో గీకింది. ఆఖరున తడిగుడ్డ, మూడుసార్లు.

మర్నాడు నాయనమ్మ ఆ గదిలో పిల్లికూతలు లేకుండా నిద్రపోయింది. చూడవచ్చిన చుట్టాలందరికీ నాన్న చెప్పిన మాట... "నేనే దగ్గరుండి చేయించిన."

మొన్న మా అశోక్ నగర్ ఫ్లాట్‌లో టైల్స్ మార్పించాం. తర్వాత ఇల్లు శుభ్రం చేయడానికి యాప్‌లో పిలిస్తే వచ్చారు మహానుభావులు... యూనిఫాం, మాస్కులు, మిషన్లు. వచ్చీ రాగానే గాలి ఊదే మిషను పెట్టి దుమ్మును ఇల్లంతా లేపారు. సెంటు వాసన నీళ్ళతో తుడిచి, ఐదు స్టార్లు వేయమన్నారు. గంట తిరక్కుండా మా అందరి అరికాళ్ళూ తెల్లన! నాన్న తెలివికే యూనిఫాం తొడిగారనిపించింది.

ఇంతసేపు అందరినీ ఆడిపోసుకున్నాను గానీ, నా నిర్వాకమూ చెప్పాలి. ఆ రోజు ఆ పాలమూరు ఆమె వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ గడప బయటికి చేరింది. ముక్కుకు కట్టుకున్న కొంగు ఎప్పుడో జారిపోయింది. కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. ఒకటే దగ్గు. "బిడ్డా, జర నీళ్ళియ్యి" అంటూ లోపలికి కాలు పెట్టబోయింది.

"లోపలికి రాకు! నీ కాళ్ళకు దుమ్ముంది, మా నాయనమ్మకు పడది" అన్నాను.

"అవు బిడ్డా... నిజమే" అని ఆమె కాలు వెనక్కి తీసుకుంది. మెట్ల మీద కూర్చుని, నేను తెచ్చిచ్చిన నీళ్ళు దగ్గుతూనే తాగింది.

నాయనమ్మ ఊపిరి కోసం అంత హడావిడి పడ్డ ఇంట్లో, ఆ దగ్గేమిటని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పేరు కూడా అడగలేదు. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు గోడలు మారాయి, నేలలు మారాయి, మిషన్లు వచ్చాయి... మన తీరు మాత్రం అదే. మీ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఆ దుమ్ము ఎత్తే ఉంటారు కదా... వాళ్ళ పేరు కింద రాయండి. చూస్తాను, ఎంతమందికి తెలుసో.