టీవీ ఆటలో మా ముసలోడు

"ముసలోడు యాడున్నడే?"

"గుహ నోటికాడ."

"లోపటికి తోలకు. నేనొచ్చినంక చూద్దాం."

"అవ్, నువ్వొచ్చేదాక వాడు ఆడనే నిలబడి ఎదురుచూడాల్నా?"

"నిలబడితే సావడు. నువ్వు తోలితే సస్తడు."

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. ఆయన దవాఖానా జీపులో వెనక సీటు మీద పడుకుని, ఊపిరి కూడదీసుకుని మరీ అడిగాడు. జీపు వరంగల్ పెద్దాసుపత్రికి బయలుదేరింది. బట్టలు సర్దుకుని మర్నాడు బస్సులో నేను వెళ్లాలి. నేను బస్సెక్కక ముందే కబురొచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే అడుగుడు. చివరికి ఏమన్నాడమ్మా, ఎవరిని తలుచుకున్నాడమ్మా అని. ఏమని చెప్పను? రాముణ్ని తలుచుకున్నాడని చెప్పాను. భద్రాచలం దగ్గరివాళ్లం కదా, అందరూ నమ్మారు.

ఆ ముసలోడు మనిషి కాడు, టీవీలో బొమ్మ. బిడ్డా, ఈ ముక్క ముందే రాయి. లేకపోతే చదివేవాళ్లు మా ఇంట్లో ఇంకో ముసలాయన కూడా ఉండేవాడనుకుంటారు.

మాది కొత్తగూడెంలో బొగ్గు బాయి క్వార్టరు. మాకు పిల్లలు లేరు. ఆయన బాయిలో దిగి పనిచేసేవాడు, నేను ఇల్లు చూసుకునేదాన్ని. ఇళ్లల్లోకి రంగుల టీవీలు వచ్చిన కొత్తలో, ఆయన టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె ఒకటి ఎవరి దగ్గరో కొనుక్కొచ్చాడు. పెట్టె మాది, క్యాసెట్ మాత్రం బజారులో వీడియో షాపతని దగ్గర కిరాయికి. కారు క్యాసెట్ తెచ్చాడు, విమానాలది తెచ్చాడు. అన్నీ గుద్దుకుని కాలిపోయేవి. ఆఖరికి షాపతనే ఒకటిచ్చి, "అన్నా, ఇది జల్దీ ఒడువదు, నెలలు పడ్తది. ఒక్క మనిషిని తీస్కొని ఊరూరు తిప్పుకుంట పోవాలె. యాడ ఆపితే ఆడ గుర్తు పెట్టుకుంటది" అన్నాడట.

పెట్టగానే నాలుగు బొమ్మలు వచ్చాయి. ఒకడు కత్తి పట్టుకున్నాడు, ఒంటి మీద గోచీ తప్ప లేదు. ఒకడు గొడ్డలివాడు, వాడికి అదీ సరిగ్గా లేదు. ఒక పిల్ల బాణం పట్టుకుంది, తొడల దాకా ఏమీ లేదు పాపం. నాలుగోవాడు ముసలివాడు. తెల్ల గడ్డం, మెడ నుంచి పాదాల దాకా అంగీ, చేతిలో కర్ర. మంత్రగాడట.

మా ఆయన వేలు గొడ్డలివాడి మీదికి పోయింది.

"ఏందయ్యా, నట్టింట్ల గా బట్టల్లేనోణ్ని ఆడిస్తవా? వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఏమనుకుంటరు?"

"మరెవర్ని తీస్కోమంటవే?"

"గా ముసలాయన్ని. ఒంటినిండ బట్టలున్నోడు వాడొక్కడే."

"వాడా? గాలొస్తే పడిపోయెటట్టున్నడు."

"నువ్వు పడిపోకుంట బాయిల పనిచేస్తలేవా? వాడూ చేస్తడు."

ఆయన వేలు ముసలోడి మీదికి జరిపి నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గులో మీట నొక్కుకుపోయింది. అట్లా మా ఇంటికి వచ్చాడు ముసలోడు.

మొదటి రోజే వాణ్ని కప్ప చంపింది. అబద్ధం కాదు, కప్పే. గడ్డిలోంచి ఒక్క దూకు దూకింది, మావాడు కర్ర పైకెత్తేలోగానే బోర్లాపడ్డాడు. తర్వాత ఒక కోడి లాంటిది చంపింది. ఒకసారి చెట్టు చంపింది. చెట్టు ఎట్లా చంపుతుందని నన్ను అడగొద్దు, అది వాడి ఖర్మ.

వాడికి మూడు మంత్రాలు. టీవీ మీద అక్షరాలన్నీ ఇంగ్లీషువి, నాకు తెలుగే కూడబలుక్కుని చదవడం వస్తుంది. కానీ మంత్రాలకు బొమ్మలుండేవి. మంట బొమ్మ నొక్కితే అగ్గిపుల్లంత నిప్పు విసురుతాడు. దీపం బొమ్మ నొక్కితే వెలుగు వస్తుంది. చందమామ బొమ్మ నొక్కితే ఎదుటివాడు నిద్రపోతాడు. పైన ఒక నీలం గీత ఉంటుంది, మంత్రం వేసిన కొద్దీ అది కరిగిపోతుంది. అది అయిపోయిందా, ఇక మావాడు కర్ర పట్టుకున్న ముసలాయనే, ఇంకేమీ లేదు. మళ్లీ ఏదో ఒక ఊళ్లో సత్రానికి పోయి పడుకుంటే తప్ప గీత నిండదు. మా ఆయన డ్యూటీకి పోతే నేను ఆడేదాన్ని, ఆయన వచ్చాక ఆయన ఆడేవాడు. ఇద్దరి చేతుల్లోనూ వాడు సత్రానికీ చావుకూ మధ్య తిరిగేవాడు.

పక్క క్వార్టర్ చెల్లె గోడకానుకుని చూసేది. భద్రాచలం అవతల అడవి ఊరి పిల్ల ఆమె. ముసలోణ్ని చూసినప్పుడల్లా ఆమెకు ఒకటే బాధ.

"అక్కా, అడివికి పోతే పదిమంది కలిసి పోవాలె గని, ఒక్కన్నే తోలుతవేంది?"

"ఈ ఆటల మంది లేరు చెల్లె. ఒక్కడే పోవాలె."

"మరి ఉరకమను. గంత మెల్లగ నడుస్తున్నడేంది, పెండ్లికి పోతున్నడా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, బాయి క్వార్టర్లు తెలియనివాళ్లకు అర్థం కాదు. మగాడు నైట్ షిఫ్టు చేసి వస్తే పగలు పడుకుంటాడు. వాడు పడుకున్నాడంటే ఆ వరసంతా నోరు మూసుకుంటుంది. కారం దంచేవాళ్లు రోలు వదిలేస్తారు. పిల్లల్ని ఆటకు అవతలి వైపు తోలేస్తారు. కూరగాయలవాడు కూడా తక్కెడ చప్పుడు కాకుండా తూచిపోతాడు. ఇవాళ మా ఇంట్లో, రేపు వాళ్లింట్లో. ఎవరి మొగుడైనా సరే, పడుకున్నవాణ్ని లేపొద్దు. నేనూ ఆయన పడుకున్నప్పుడు టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి, ముసలోణ్ని మూగగా చంపుకునేదాన్ని.

అట్లా చచ్చీ బతికీ, వాడు కొండల దాకా వచ్చాడు. కొండకు గుహ. గుహ నోటికి అడ్డంగా ఒక జంతువు. అడవిదున్నంత ఉంది, కొమ్ములు వేరే. దాని ఊపిరి తగిలితేనే మావాడు పోయేవాడు. నిప్పు విసిరితే దానికి దోమ కుట్టినట్టు కూడా లేదు. చందమామ ఒక్కటే పనిచేసింది. జంతువు పక్కకు ఒరిగి, కళ్లు మూసుకుని పడుకునేది. పడుకోగానే మా ఆయన కర్రతో బాదడం మొదలుపెట్టేవాడు.

"నిద్రపోయినోణ్ని కర్రతోటి కొడితే లేవడా మరి?"

"కొట్టకుంట ఎట్ల సస్తది?"

"సంపుడెందుకు, పక్కకెల్లి పోవయ్యా లోపటికి."

"లోపటికా? రోజూ భూమి లోపటికే పోయొస్తున్న. ఇంటికొచ్చి మళ్ల గుహలకు పోవాల్నా? లోపట పైకప్పు ఎట్లుందో ఎవడు చూసిండు? దీని సంగతి తేల్చి ఆడనే ఆపుదాం."

నిజం బాయిలో అన్నేళ్లు భయం లేకుండా దిగినవాడు, టీవీలో గుహకు భయపడ్డాడు. జంతువు లేచేది, ముసలోడు పోయేవాడు. ఆయన దగ్గు పెరిగి జీపెక్కేనాటికి వాడు ఆ గుహ నోటి దగ్గరే ఉన్నాడు.

పదకొండో రోజు అయ్యాక క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. మా తమ్ముడు, అంటే నీ నాయన, ఎర్రుపాలెం నుంచి లారీ మాట్లాడుకుని వస్తానన్నాడు. ఆ పొద్దున్నే వీడియో షాపతను క్యాసెట్ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే, చేతులు కట్టుకుని అడిగాడు.

"అమ్మా, ఏమనుకోకు. వేరేటోళ్లు అడుగుతున్నరు."

"వాళ్లు తీస్కపోతే మా ముసలోడు ఉంటడా అండ్ల?"

"ఏడుంటడమ్మా? తుడిచేసి కొత్తగ మొదలువెడ్తరు. అందరు గొడ్డలోన్నే తీస్కుంటరు."

వాణ్ని ఆ జంతువు ముందు నిలబెట్టి వదిలేసి పోవాలా? సామాను మూటలన్నీ కట్టేశాను, టీవీ, ఆట పెట్టె మాత్రం ఇంకా తీగలు పీకలేదు.

"లారీ వచ్చేదాక కూసో" అన్నాను. అతను బియ్యం మూట మీద కూర్చున్నాడు.

క్యాసెట్ పెట్టగానే ముసలోడు పోయాడు. మళ్లీ సత్రం నుంచి నడిపించుకొచ్చాను, మళ్లీ పోయాడు. షాపతను "అయ్యో" అంటాడు, గడియారం చూసుకుంటాడు. ఈసారి దూరం నుంచే చందమామ వేశాను. జంతువు ఒరిగింది. దగ్గరికి పోయి చూద్దును కదా, దాని డొక్క పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. నైట్ షిఫ్టు చేసొచ్చి, మసి కడుక్కుని, పక్కకు తిరిగి పడుకున్న మనిషి డొక్క ఎట్లా లేస్తుందో అట్లాగే. కర్ర మీట మీద నా వేలు పడలేదు. దాని వీపుకూ రాతికీ మధ్య ఒక సందు ఉంది. ముసలోడు పట్టేంత.

సరిగ్గా అప్పుడే పక్కింటి చెల్లె రోట్లో పోటు వేసింది. దబ్.

"సప్పుడు చెయ్యకుర్రి! పండుకున్నడు!" అని నేను కేక వేశాను.

దెబ్బకు రోలు ఆగిపోయింది. బయట పిల్లల అరుపులు ఆగిపోయాయి. ఎవరో కడుగుతున్న గిన్నె కూడా ఆగిపోయింది. వరసంతా ఊపిరి బిగపట్టింది, అలవాటు కదా. ఆ నిశ్శబ్దంలో ముసలోణ్ని ఒక్కో అడుగూ నడిపించాను. వాడు గోడకు రాసుకుంటూ జంతువు వీపు దాటాడు, తోక దాటాడు.

గుమ్మంలో పక్కింటి చెల్లె. చేతిలో రోకలి, ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా... ఎవరు పండుకున్నరక్కా?" అంది గుసగుసగా.

షాపతను నోటి మీద వేలు పెట్టుకుని టీవీ వైపు చూపించాడు. చెల్లె చూసింది. "ఓసి నీ..." అని, మిగిలింది చప్పుడు కాకుండా పెదాలతోనే తిట్టింది. రోకలి మెల్లగా గోడకు ఆనించి కూర్చుంది.

ముసలోడు గుహలోకి పోయాడు. చీకటి. దీపం వేశాను. పోగానే నడిపించలేదు, ముందు కర్రతో పైన రాయి మీద కొట్టించాను.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాడు షాపతను.

"కప్పు చూస్తున్న. మా ఆయన చెప్పేటోడు, బాయిల కట్టె తోటి కొట్టి సప్పుడు ఇన్నంకనే అడుగెయ్యాలె."

కప్పు గట్టిగానే ఉంది. ఆ గుహలో ఏమీ లేదంటే నమ్ముతావా? ఒక గబ్బిలం, అది కూడా వేరే పని మీద ఉన్నట్టు ఎటో పోయింది. ఒక మలుపు తిరిగితే అవతల వెలుగు, ఒక ఊరు, ఊరికి సత్రం. దీనికా ఇన్ని చావులు! చెల్లె చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టబోయి, ఎందుకో ఆపేసింది.

వాణ్ని సత్రంలో మంచం మీద పడుకోబెట్టాను. నీలం గీత నిండింది. గుర్తు పెట్టే మీట నొక్కి, క్యాసెట్ తీసి, కొంగుతో దుమ్ము తుడిచి షాపతని చేతిలో పెట్టాను.

"తీస్కపోయేటోళ్లకు చెప్పు. ఆడ ఒకాయన పండుకున్నడు. కొత్తగ మొదలువెడితే పెట్టుకోమను గని, కర్రతోటి లేపొద్దను."

"అట్లనే అమ్మా" అని అతను నవ్వకుండా అన్నాడు. లారీ హారన్ కొట్టింది. నీ నాయనకు చప్పుడు చేయకూడదని ఏం తెలుసు?

ఇంతే బిడ్డా. కలం పక్కన పెట్టి, రాసింది మొదటి నుంచీ చదువు, వింటాను. గట్టిగానే చదువు. ఇప్పుడు ఇంట్లో నైట్ షిఫ్టు చేసొచ్చినవాళ్లు ఎవరూ లేరు.