సుభద్రమ్మ ఇంట్లో నిండుకున్నాయి

మీరు సుభద్రమ్మని ఒక్కసారి కలిసి తీరాలి. కలవకపోతే జీవితంలో ఏదో తక్కువైనట్టే. ఆ తక్కువైనదేదో కచ్చితంగా ఆవిడ అటక మీద ఉంటుంది. విజయనగరం చివర మిల్లు వీధికి వెళ్లి "దొరక్కపోతే సుభద్రమ్మ గారిల్లెక్కడ?" అనడగండి, ఎవరైనా చూపిస్తారు. అసలు ఇంటిపేరు ఎవరికీ గుర్తు లేదు. "రేపు దొరక్కపోతే?" అని రోజంతా అనే ఆ మాటే ఆవిడ ఇంటిపేరైపోయింది.

వెళ్లాక ఒక్క జాగ్రత్త. ఆవిడ చెప్పేదాకా ఎక్కడా కూర్చోకండి. మీరు పీట అనుకున్నది బెల్లం దిమ్మ కావచ్చు. దిండు అనుకున్నది చింతపండు కావచ్చు. ఆవిడ మొగుడు గోవిందరావు జూట్ మిల్లులో గుమాస్తా. పెళ్లయిన కొత్తలో పాపం తెలీక ఎండుమిరపకాయల మూట మీద తలపెట్టి నిద్రపోయాడు. మర్నాడు మిల్లులో ఎర్రటి కళ్లు చూసి, "ఏటి గోవిందూ, అత్తోరు గుర్తొచ్చి ఏడ్సినావేటి?" అని అందరూ ఓదార్చారు.

సుభద్రమ్మ ఒకచోట కుదురుగా ఉండగా చూసినవాళ్లు లేరు. చెవిలో చిన్న మాట పడితే చాలు, కాళ్లు బజారు వైపు తిరిగేవి. ఓ వానాకాలం, భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే మరిడమ్మ గుమ్మంలో గంప దించి ఊరికే కష్టం చెప్పుకుంది.

"మా దిక్కు ఒకటే వాన తల్లీ. ఉప్పుమళ్లు కరిగిపోనాయి."

"అన్నీనా?"

"అన్నీ కాదు గాని..."

"గాని అన్నావంటే అన్నీ అనే!" అని సుభద్రమ్మ చేపలు గంపలోనే వదిలేసి పరిగెత్తింది. సాయంత్రం గోవిందరావు ఇంటికొచ్చేసరికి చావడిలో నడవడానికి దారి లేదు.

"ఏటే ఇది?"

"ఉప్పు."

"తెలస్తంది. ఇంత ఎందుకని?"

"రేపు దొరక్కపోతే?"

"సముద్రం ఉన్నాది కదే!"

"అది ఎండిపోతే?"

సముద్రం ఎండలేదు. ఉప్పే చెమ్మగిల్లింది. ఆ ముసుర్లో బస్తాలు చెమటపట్టి, నీరు గోడల్లోకి దిగి, వీధిలో ఆవులన్నీ వరసగా వచ్చి గోవిందరావు ఇంటి గోడ నాకడం మొదలెట్టాయి. పొద్దున్నే మిల్లుకి బయల్దేరాలంటే వాటిని అదిలించుకుంటూ వెళ్లాలి. "నీ ఇల్లు ఆవులికి నచ్చినంతగా మనుసులకి నచ్చలేదురా" అన్నాడు మిల్లు టైమ్ కీపర్ జగన్నాధం. జగన్నాధం కూడా ఆ వీధివాడే. ఏ మాటైనా ఆయన నోట్లో పడితే మర్నాటికి మేనేజరు చెవిలో పడాల్సిందే.

ఇంకోసారి సాలూరు నుంచి రావాల్సిన లారీ రాలేదని కొట్లో ఎవరో అన్నారు. లారీ రాలేదంటే లారీలే రావని సుభద్రమ్మ లెక్క. తీరా చూస్తే ఆ లారీకి టైరు పేలింది, అంతే. ఈలోగా ఈవిడ కొట్లో ఉన్న సబ్బులన్నీ, అగ్గిపెట్టెలన్నీ, కిరసనాయిలు డబ్బాలన్నీ ఎత్తించేసింది. అగ్గిపెట్టెలు కిరసనాయిలు పక్కనే పెట్టింది. గోవిందరావు ఆవేళ్టినుంచి చుట్ట మానేశాడు. చాలా మంచి పని చేశావని అందరూ మెచ్చుకున్నారు. అతను మానింది మంచికి కాదు, ప్రాణభయానికి.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ వానల్లేని ఏళ్లొచ్చాయి. అరవై ఆరు పోయింది, అరవై ఏడూ అలాగే వచ్చింది. మిల్లులో సగం మగ్గాలు ఆపేశారు. ఆ వీధిలో చాలామందికి పనుంటే వారంలో కొన్నాళ్లు, లేకపోతే లేదు. రేషన్ కొట్టు ముందు మనుషుల కంటే ముందు సంచులు వరసలో నిలబడేవి. ఇంటికింతకు మించి బియ్యం ఉంచకూడదని సర్కారు రూలు పెట్టింది. మిల్లు మేనేజరు గుమాస్తాలందర్నీ పిలిచి మరీ చెప్పాడు: బియ్యం దాచిన కేసు ఎవరి మీద పడినా, ఆ మర్నాటినుంచి గేటు బయటే.

గోవిందరావుకి ముద్ద దిగడం మానేసింది. ఆ ఇంట్లో అన్నీ రెండేసి, నాలుగేసి ఉన్నాయి. ఉద్యోగం ఒక్కటే రెండోది లేదు.

"సుభద్రా, బియ్యం బస్తాలు తీయించేద్దామే. నీకు దణ్ణం పెడతాను."

"నువ్వు ముట్టకు మావా."

"ముట్టను. కూలోణ్ణి పిలుస్తాను."

"ఎవులూ ముట్టకూడదు. మూతులు నానే కుట్టినాను, నానే ఇప్పుతాను."

"ఉద్యోగం పోతాదే!"

"పోదు."

"పోతే?"

"ఇదేటి మావా, నువ్వు కూడా నాలాగ మాటాడతన్నావు!"

పోనీ గుట్టుగా ఉంటుందా? కుళాయి దగ్గర బిందె పెట్టి గొంతెత్తి చెప్పేది: "మా ఇంట్లో ఇసకేస్తే రాలదే అమ్మా, అన్నీ బస్తాలే! పురుగు పట్టి సస్తన్నాయి, నానేటి సేసుకోను!" ఇంట్లో వింటున్న గోవిందరావు చెవులు మూసుకునేవాడు. రాత్రిళ్లు ఆ బస్తాల మీదే పక్క వేసుకుని పడుకునేవాడు, చోటేదీ మరి? విచిత్రమేమిటంటే అంత దిగుల్లోనూ ఈమధ్య నిద్ర బాగా పడుతోంది. మునుపు రాళ్ల మీద పడుకున్నట్టుండేది, ఇప్పుడు పరుపులా ఉంది. వయసొచ్చి వీపు మొద్దుబారిందనుకున్నాడు.

రోహిణి కార్తె ఎండ రోళ్లు పగలగొడుతున్న ఆదివారం, జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి సప్లై ఇనస్పెక్టరు మహాపాత్రో గారు దిగారు. ఆయన ఇచ్ఛాపురం అవతల ఒరియా వాళ్లింట పుట్టి, ఉద్యోగం కోసం పుస్తకాలు చదివి తెలుగు నేర్చుకున్నారు. ఆయన తెలుగు ఇస్త్రీ చొక్కాలా ఉంటుంది, ఎక్కడా మడత పడదు. వీధంతా క్షణంలో గుమ్మం ముందుంది. ముందు వరసలో జగన్నాధం. ఆయన పక్కన ఖాళీ చేట పట్టుకుని దానమ్మ. ఆవిడ మొగుడు దాలయ్యది ఆగిపోయిన మగ్గం. జీపువాళ్లు ఎత్తుకుపోయేలోగా రెండు సోలలు అడుగుదామని పరిగెత్తుకొచ్చింది.

ఇనస్పెక్టరు లోపలికొచ్చి, వెంట వచ్చిన బంట్రోతు చేత తలుపు దగ్గరగా వేయించి, గోడంత ఎత్తున్న బస్తాల్ని చూసి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, మీ ఇంట బియ్యము ఎంత కలదు?"

సుభద్రమ్మ కొంగు సర్దుకుని నెమ్మదిగా చెప్పింది. "నిండుకున్నాయి బాబూ."

ఇనస్పెక్టరు మొహం వెలిగిపోయింది. "నిండుకున్నవా! భేష్. కందిపప్పు?"

"అదీ నిండుకుంది."

"పంచదార?"

"అది ఎప్పుడో నిండుకుంది బాబూ."

"ఇంత సత్యము పలికిన గృహిణిని ఈ జిల్లాలో నేను చూడలేదు" అన్నాడు ఇనస్పెక్టరు.

ఇనస్పెక్టరేమో నేరం ఒప్పుకుందనుకుంటున్నాడు. తన పెళ్లామేమో ఎదురుగా బస్తాలు పెట్టుకుని, నిండుకున్నాయని, అంటే అయిపోయాయని, పచ్చి అబద్ధం ఆడేస్తోంది! "ఒసే, నిజం సెప్పేయే! ఒప్పేసుకుంటే సగం సిచ్ఛ తగ్గుతాది!" అని గొణిగాడు.

"నిజమే సెప్తన్నాను మావా."

బంట్రోతు ముందుకొచ్చి, బస్తాలోకి పొడిచి గింజలు లాగే ఇనప గొట్టం తీశాడు. గోవిందరావు కళ్లు మూసుకున్నాడు. గొట్టం దిగింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. బయటికొచ్చింది. కళ్లు తెరిస్తే బంట్రోతు అరచేతిలో ఊక. ఇంకో బస్తా పొడిచాడు. ఊక. అటక మీద బస్తా, అదీ ఊకే. కందిపప్పు డబ్బాలో ఎండుటాకులు, పైన మాత్రం ఒక్క పొర కందిపప్పు. గోవిందరావు చెయ్యి దానంతటదే వెళ్లి వీపు తడుముకుంది. ఇన్నాళ్లూ తను పడుకున్న పరుపు ఇదన్నమాట!

"మరి నిండుకున్నవి అంటిరి?" ఇనస్పెక్టరు గొంతులో బాధ.

"నిండుకున్నాయంటే అయిపోనాయని బాబూ. ఇంట్లో బియ్యం నేవు అనకూడదు. లచ్చిమి అలుగుతాది."

"అయిపోయినదానిని నిండుట అందురా! అయితే నిజముగా నిండినదానిని ఏమందురు?"

"ఆ అవసరం ఈమధ్య ఎవరికీ రాలేదండి" అన్నాడు గోవిందరావు. తర్వాత పెళ్లాం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బియ్యం ఏవే?"

"వీధిలోకి ఎల్లిపోనాయి."

"ఎవరు తీసుకున్నారు?"

"అడిగినోళ్లు."

"మరి ఈ ఊక ఏటి? అయిపోయాయని సెప్పి ఊరుకోలేకపోయావా? కుళాయి కాడ ఆ డప్పేటి?"

సుభద్రమ్మ ఈసారి చిరాకుపడింది. ఇంత చిన్న విషయం చదువుకున్న మొగుడికి తెలీకపోవడం ఆవిడకి నచ్చలేదు. "గిద్దెడున్న ఇంట్లో ఎవులైనా అడుగుతారేటి మావా? బస్తాలున్న ఇంట్లో అయితే, 'ఈ పిచ్చిదానికేటి తరుగుద్ది' అని నవ్వుకుంటా అడుగుతారు. నవ్వుకుంటా పట్టుకెల్తే కడుపుకి అంటుతాది. వారంలో ఏ రోజో కొట్టుకెల్లి ఎంత దొరికితే అంత తెస్తన్నాను, అలగే పోతన్నాయి."

"దాచుకోవాలి, రేపు దొరక్కపోతే అని ఇన్నేళ్లూ సంపుకు తిన్నావు గదే!"

"అన్నాను. మనకి దొరక్కపోతే అన్నానేటి?"

ఈలోగా గుమ్మం బయటినుంచి జగన్నాధం గొంతు ఖంగుమంది. "ఏటోయ్ గోవిందూ! బస్తాల్లో ఏటి దొరికింది? రేపు మేనేజరు గారడిగితే ఏటని సెప్పమంటావు?"

గోవిందరావు గుమ్మంలోకొచ్చాడు. వీధంతా తన నోటికేసి చూస్తోంది. ఊక అని ఒక్క మాట అంటే చాలు. ఉద్యోగానికి ఢోకా లేదు, మేనేజరు దగ్గర మాట నిలబడుతుంది, రాత్రికి ముద్ద దిగుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు దానమ్మ కనబడింది. చేట ఇంకా చాచే ఉంది. ఊక అన్న మరుక్షణం ఆ చేట కిందికి దిగుతుంది. ఇంకెప్పుడూ ఈ గుమ్మంలోకి రాదు. పక్క గుమ్మంలోకీ పోదు, దానమ్మ అలాంటి మనిషి.

"రూలుకి మించి ఒక్క గింజ లేదు" అన్నాడు గోవిందరావు. "కావాలంటే ఇనస్పెక్టరు గారినడుగు."

వెనకే గుమ్మంలోకి వచ్చిన మహాపాత్రో గారు దానమ్మ చేటకేసి చూశారు, సుభద్రమ్మకేసి చూశారు. పుస్తకాల్లో లేని తెలుగు ఆ పూట ఆయనకి కొంత వంటబట్టినట్టుంది. "అక్షరాలా సత్యము. కేసు లేదు" అన్నారు.

"రూలుకి మించి లేదంటే, రూలుకి సరిపడా ఉన్నాయనే గదా!" జగన్నాధం పగలబడి నవ్వాడు. "ఇనస్పెక్టరు గారికి మంచి బోజనమే పెట్టినట్టున్నావురా!"

వీధంతా నవ్వింది. లంచం తెలీని గోవిందరావు ఆ మాట గుటకేసి మింగాడు. అది మింగుతుండగానే దానమ్మ మెట్టెక్కి చేట ముందుకు చాచింది.

"అయితే మరేటి బావా, నీ రూలులోంచి నాకో రెండు సోలలు పొయ్యి. సుభద్రప్ప ఎలాగూ పురుగు పట్టిస్తాది."

గోవిందరావు లోపలికి పరిగెత్తాడు. కుండలు తిప్పాడు, డబ్బాలు దులిపాడు. ఎక్కడా గింజ లేదు. పొయ్యి పక్క గిన్నెలో మాత్రం వాళ్లిద్దరి పూటకీ కడిగి, నీళ్లొంచి పెట్టిన బియ్యం ఉన్నాయి. సుభద్రమ్మ వైపు చూశాడు. "సోడిపిండి ఉన్నాది, అంబలి కాస్తాను, పట్టుకెల్లు" అని కళ్లతోనే చెప్పింది. అతను ముందూ వెనకా చూడకుండా గిన్నె పట్టుకెళ్లి చేటలో వంపేశాడు. చేట అల్లికలోంచి నీళ్లు బొటబొటా దానమ్మ కాళ్ల మీద పడ్డాయి.

"ఇదేటి బావా, తడిగున్నాయి?"

"కప్పు కారి బస్తా తడిసిపోయిందే" అన్నాడు గోవిందరావు, జీవితంలో మొదటిసారి పెళ్లాం గొంతుతో గద్దిస్తూ. "బేగి పట్టుకుపో, ముక్కిపోతాయి!"

దానమ్మ చేటలోకి చూసింది. తలెత్తి ఆకాశంలోకి చూసింది. వీధిలో అందరూ తలెత్తి చూశారు. మబ్బు తునక లేదు. వానన్న మాట విని ఎన్ని నెలలయిందో! జీపులో ఒక కాలు పెట్టిన ఇనస్పెక్టరు రెండో కాలు నేల మీదే ఉంచి ఆగిపోయాడు. తలుపు వెనక సుభద్రమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈ రోహిణి ఎండలో కప్పెలగ కారింది బావా?" అంది దానమ్మ.

గోవిందరావు నోరు తెరిచాడు. మీరు చెప్పండి, ఆ గుమ్మంలో ఖాళీ గిన్నెతో మీరే నిలబడి ఉంటే దానమ్మకి ఏం జవాబు చెప్పేవారు?