ఐసు తిమ్మిరి అనుకున్నది

మల్కాపురం జోగమ్మ ఇరవై రెండేళ్లుగా ఒక షెడ్డులో రొయ్యలు వలుస్తోంది. ఐసులో ఆడే చేతులు మొద్దుబారడం ఆ షెడ్డులో ఎవరికీ వింత కాదు. అందరూ దానిని ఐసు తిమ్మిరి అంటారు. విరామంలో వేడి టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని పోగొట్టుకుంటారు. కుడిచేతి బొటనవేలితో సహా మూడు వేళ్లకు రెండేళ్లుగా స్పర్శ తగ్గుతున్నా జోగమ్మ ఆ లెక్కలోనే వేసుకుంది.

ఏప్రిల్‌లో సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై షెడ్డు మూతపడింది. ఐసు ముట్టని చేతికి తిమ్మిరి మాత్రం పోలేదు. ఒక ఉదయం ఇంటి అరుగు మీద టీ తాగుతుండగా, షెడ్డులో ఆమె పక్కనే కూర్చునే తాయారు వచ్చి అరిచింది.

“ఓలమ్మ! సెయ్యి బొబ్బలెక్కతంటే అలా కూకున్నావేటి వదినా?”

“కాల్తందా?” అంటూ జోగమ్మ గ్లాసు వైపు చూసింది.

మణికట్టు దగ్గర నరం నలుగుతోందని, దీన్ని కార్పల్ టన్నెల్ అంటారని డాక్టర్ మధులత పరీక్ష చేసి చెప్పేసరికి, నిషేధం ముగిసి పడవలు కదలడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. పని మొదలైన రోజున సూపర్‌వైజరు ఒక్కొక్కరి చేత ఒక ట్రే వలిపిస్తాడు. రొయ్య వీపులో నల్లటి నరం మిగిల్చినవారు బల్ల వదిలి ఐసు తొట్లు మోయాలి. ఆ నరం కంటికన్నా ముందు బొటనవేలికి అందుతుంది.

“రెండు రకాల ఇంజెక్షన్లున్నాయి,” అంది డాక్టర్. “ఒకటి స్టెరాయిడ్. ఇంకోటి, నరం చుట్టూ చక్కెర నీళ్లు.”

“సక్కెరా! నాకు సుగరమ్మా. ఆ మొదటిదే ఎయ్యండి.”

“భయం అటు కాదమ్మా. ఈ నీళ్లలో చిటికెడు చక్కెర కూడా ఉండదు. కొన్నాళ్లు షుగర్ పెంచేది స్టెరాయిడే.”

స్టెరాయిడ్ త్వరగా పనిచేయవచ్చు, కొన్ని నెలలకు దాని ప్రభావం తగ్గవచ్చు అని డాక్టర్ వివరించింది. చక్కెర నీళ్లది నిదానం. మళ్లీ వేయవలసి రావచ్చు. ఆరు నెలల దగ్గర అదే మెరుగని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి, అన్నీ కాదు. ఏది వేసినా మణికట్టుకు పట్టీ, చేతికి విశ్రాంతి తప్పవు.

“ఇశ్రాంతికి సూది లేదేటమ్మా?” అంది జోగమ్మ. డాక్టర్ నవ్వింది. జోగమ్మ నవ్వలేదు. “పన్నెండు రోజుల్లో నా ఏలికి రొయ్య నరం తగలాల. ఏ సూదికి తగుల్తాది?”

“మొదటిదానికి అవకాశం ఎక్కువ. మాట ఇవ్వలేను.”

“అయితే తెలిసే ఏయించుకుంతన్నాను. ఎయ్యండి.”

నాలుగు రోజులు షుగర్ మూడు వందలు దాటింది. పదో రోజుకు బొటనవేలు మేల్కొంది. పని మొదలైన రోజున ఆమె ట్రేలో ఒక్క నరమూ మిగలలేదు, బల్ల దగ్గర చోటు నిలిచింది. విశ్రాంతి మాత్రం కుదరలేదు.

దసరా దాటేసరికి బొటనవేలు మళ్లీ మొద్దుబారింది. విరామంలో టీ వస్తే జోగమ్మ ఇప్పుడు వెంటనే చేయి చాపదు.

“తాయారూ, నువ్వు ముందట్టుకుని సూడు.”

తాయారు గ్లాసు పట్టుకుని, ఊది, కాసేపు ఆగుతుంది. “ఇప్పుడట్టుకో వదినా.”