దేవుని అర్రలో చిక్కిన బతుకమ్మ

ఏ పని మీద కూర్చున్నా నడుమ నడుమ లేచి వాకిట్లోకి పోయి రావడం నాకు అలవాటు. మానుకోటలో టీచరుగా చేరిన కొత్తలో డిపార్ట్‌మెంటు పరీక్షకు చదువుతూ కూడా అంతే, నాలుగు పేజీలకోసారి లేచేదాన్ని. "కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతవేంది?" అని మా ఆయన నవ్వేవాడు. ఎందుకో చెప్పాలంటే జనగామ దగ్గరి మా ఊరికి, అరవై తొమ్మిదిలో వచ్చిన బతుకమ్మ పండుగకు పోవాలి.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో చదువులు ఆగిపోయాయి. జనగామలో చదివే మా అన్న పరీక్షలు వదిలేసి ఊరేగింపుల్లో తిరిగి, కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. అన్నను ఆఫీసరుగా చూడాలని బాపు పట్టుదల. అన్నకు తెలంగాణ తప్ప ఇంకోటి కనిపించలేదు. బాపుకు అన్న కొలువు తప్ప ఇంకోటి కనిపించలేదు. రెండూ మంచి కోరికలే, కాదనను. కానీ వాటి మీదే చూపు పెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని ఇద్దరూ మరిచారు. మాటలు బంద్.

పద్నాలుగేళ్ల నేను వాళ్లిద్దరికీ టపా మనిషిని. ఒకే అరుగు మీద చెరో మూల కూర్చుని "మీ అన్నను తినుమను" అనేవాడు బాపు. "తిన్ననని చెప్పు బాపుకు" అనేవాడు అన్న. ఇద్దరి చెవులూ బాగానే పనిచేసేవి. అయినా నేను అటోసారి ఇటోసారి తిరిగి అదే మాట అప్పజెప్పాలి. ఒకరోజు విసుగొచ్చి "మీ ఇద్దరికి చెవుడా?" అని అరిచాను. అమ్మ నా వీపు మీద ఒక్కటేసి, తర్వాత తానే వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆమెకు అన్నం సహించని రోజులవి. పండుగ నాటికైనా వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలని ఆమె ఆశ.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే అన్న ఎవరికీ చెప్పకుండా గుట్టల దిక్కు పోయి పెద్ద మోపు తంగేడు పువ్వు తెచ్చాడు. బాపు కూడా ఎవరికీ చెప్పకుండా బండి కట్టుకుని పోయి గునుగు, తంగేడు బండెడు తెచ్చాడు. ఒకరినొకరు అడిగి ఉంటే ఒక్కరు పోతే సరిపోయేది. అమ్మ రెండు కుప్పలనూ చూసింది. అన్నిటినీ దేవుని అర్రలోకి చేర్పించి, పెద్ద తాంబాళంలో గుమ్మడాకులు పరిచి పువ్వులను వరుసలుగా బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టింది.

పేర్చడంలో మా నాయనమ్మది ఒక పద్ధతి. కొన్ని వరుసలు పేర్చగానే లేచి వాకిట్లోకి పోవాలి, గుక్కెడు నీళ్లు తాగి వచ్చి గడప అవతల నిలబడి చూడాలి. "కూసున్న కాడికెల్లి నీ చేతులున్న పువ్వే కనవడ్తది. వంకర కనవడాల్నంటే లేవాలె" అనేది.

ఆ రోజు అమ్మ లేవలేదు. ఒక వరుస అన్న పువ్వు, ఒక వరుస బాపు పువ్వు. నేను అందిస్తుంటే పేర్చుకుంటూ పోయింది. "సాలు బిడ్డా, జర లే" అని నాయనమ్మ బయటినుంచి కేకేస్తే "ఇంకింత ఉన్నదత్తా" అంది. కుప్పలు రెండూ అయిపోయి, పైన పసుపు గౌరమ్మను పెట్టి మొక్కాక గాని నడుమెత్తలేదు.

బయటికి తేబోతే అప్పుడు తెలిసింది. మా దేవుని అర్ర దర్వాజ పొట్టిది. దేవుని ముందు ఎవరైనా వంగాల్సిందేనని మా తాత అట్లా పెట్టించాడట. మనుషులంటే వంగుతారు, బతుకమ్మ వంగదు కదా. గౌరమ్మ దర్వాజ కంటే జానెడు పైనే ఉంది.

వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లందరూ బతుకమ్మలతో నిలబడ్డారు. "ఏందక్కా, గీయేడు అర్రల్నే ఆడుకుంటవా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ అమ్మ ముఖం చూసి మింగేశాను. పక్కింటి పెద్దమ్మ ముందుకొచ్చి "పై వరుసలు జర తీసెయ్యి చెల్లె, గౌరమ్మను మల్ల పెట్టుకోవచ్చు" అంది.

అమ్మ తలెత్తింది. "ఎవల పువ్వు తియ్యాలె అక్కా? కొడుకు తెచ్చిందా, పెనిమిటి తెచ్చిందా?"

అరుగు మీద ఆ మూల బాపు, ఈ మూల అన్న, ఇద్దరికీ ఆ మాట వినబడింది. బాపు లేచి కొట్టంలోకి పోయాడు. అలిగి పోతున్నాడు, పండుగ పాడైందని నాకు ఏడుపొచ్చింది. ఆయన గడ్డపారతో తిరిగొచ్చాడు. దాన్ని దర్వాజ పైచెక్క సందులో దూర్చి, నా దిక్కు కాదు, తిన్నగా అన్న దిక్కే చూసి "గా కొస పట్టు" అన్నాడు.

అన్న ఒక్క దూకులో వచ్చాడు. అమ్మా నేనూ బతుకమ్మను వెనక్కి జరిపి, మట్టి పడకుండా దుప్పటి అడ్డం పట్టాం. తాత పెట్టించిన చెక్క ఊరికే ఊడుతుందా! "ఇటు గుంజు", "పైలం, కాలు" అని బాపు. "పట్టిన బాపు" అని అన్న. మట్టిపెళ్లలు రాలి ఇద్దరి తలలూ ఒకే రంగుకు వచ్చాయి. పైచెక్క ఊడాక తాంబాళం చెరో పక్క పట్టుకుని వాళ్లిద్దరే వాకిట్లోకి తెచ్చారు.

బతుకమ్మను చెరువులో వదిలి తిరిగొచ్చి నేను సత్తుపిండి పంచుతుంటే బాపు అలవాటు కొద్దీ "మీ అన్నను" అని మొదలుపెట్టి, ఆగి, పక్కకు తిరిగాడు. "పరీక్షలు మల్ల ఎప్పుడు పెడ్తరట?" అని అన్ననే అడిగాడు. టపా ఉద్యోగం ఊడినందుకు నా అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరేమో. ఆ రాత్రి అమ్మ మారు వడ్డించుకుని తింది. ఆ పండుగను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

చాలా ఏళ్లు నేను ఇది నాయనమ్మ పాఠమనే అనుకున్నాను. పనిలో మునిగినవాళ్లు నడుమ లేవాలి, గడపను చూసుకోవాలి, అంతే. ఒకసారి అమ్మ మానుకోటకు వచ్చి, నేను చదువుతూ చదువుతూ లేచి తిరగడం చూసింది. అప్పుడు తట్టింది నాకు. రోజూ ఆ దర్వాజలో వంగి లోపలికి పోయి దీపం పెట్టే మనిషికి దాని ఎత్తు తెలియదా?

"అమ్మా, నీకు ముందే ఎరుకనా?" అని అడిగాను.

అమ్మ చేటలోని బియ్యం మీంచి చూపు ఎత్తలేదు. "నాకేం ఎరుక బిడ్డా," అంది, "నేను లేవనే లేవలేదాయె."