నలభై ఆవులు

పదేళ్లు దాటింది. ఒక కట్ట కాగితాలు ఎంత బరువుంటాయి? చేత్తో ఎత్తితే ఏమీ ఉండవు. నేను మాత్రం ఇప్పటికీ దించలేకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే ముందు నాకు జరిగిన అవమానం చెప్పి, అసలు సంగతి మింగేసేవాణ్ణి. అట్లా చాలాసార్లు మింగాను.

ఈసారీ అవమానంతోనే మొదలుపెడతాను. అది లేకుండా చెప్పడం నాకు చేతకాదు.

డెబ్బైల చివర్లో నేను పుంగనూరులో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. పిల్లలకు బొమ్మలు ఏ పద్ధతిలో నేర్పితే మంచిదో తేల్చాలని మదనపల్లె నుంచి ఒక లెక్చరరమ్మ పరిశోధనకు వచ్చింది. గోడకు చార్టు తగిలించి, దాన్ని చూసి గీయించడం పాత పద్ధతి. వస్తువునే ఎదురుగా పెట్టి, ముందు చూడటం నేర్పి, తర్వాత గీయించడం కొత్తది. పాతది నాకిచ్చింది. కొత్తది కుప్పంలో ఖాదర్ బాషాకిచ్చింది. బాషా ఎడ్లబండ్లకూ అంగళ్ల బోర్డులకూ రంగులేసే మనిషి. ఏ పరీక్షా పాసు కాలేదు. ఈ పరిశోధన కోసమే అక్కడి బడిలో తాత్కాలికంగా తీసుకున్నారు. నేను డ్రాయింగులో హయ్యర్ గ్రేడు పరీక్ష పాసైనవాణ్ణి. అయినా జాబితాలో అతని పేరు పైన, నాది కింద. "మీరేమీ మార్చొద్దు మాస్టారూ, ఎప్పుడూ చెప్పేటట్టే చెప్పండి" అంది ఆమె, హెడ్మాస్టరు ముందర. మర్యాదగానే అంది. నువ్వు మారే రకం కాదులే అన్నట్టు నాకు వినిపించింది.

కొత్త పద్ధతి నెగ్గితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడులన్నిటికీ దాన్నే తెస్తారు. బాషా ఉద్యోగం ఖాయమవుతుంది. ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఏడాది చివర పరీక్ష. రెండు బడుల్లోనూ ఆవరణలో ఒక ఆవును కట్టి పిల్లలచేత గీయించాలి. ఆ రోజే కాగితాలు కవరులో పెట్టి, అంటించి పంపాలి. వెనక నంబరు తప్ప పేరుండదు. మార్కులు వేసేవాళ్లకు ఏ కాగితం ఏ బడిదో తెలియదు. మా బడికి గంగులప్ప అనే రైతు ఆవును తెచ్చారు. మా ఊరి ఆవు సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొట్టి కాళ్లు, కురచ కొమ్ములు, నేలను తాకే తోక. నలభై మంది పిల్లలు దాని ముందర గంటసేపు కూర్చున్నారు. కాగితాలు తీసుకుని చూశాను. నలభైలోనూ పొడుగు కాళ్ల, పెద్ద కొమ్ముల ఆవు. నా చార్టులోని ఆవు. ఎదురుగా నిలబడి నెమరువేస్తున్న దాన్ని ఒక్కరూ చూడలేదు. తలెత్తారు, దించారు, నేను నేర్పిందే గీశారు.

అప్పుడు నాకు కలిగింది సిగ్గా, కోపమా? అది శనివారం, సోమవారం దాకా టపా కదలదు. కవరు అంటించలేదు.

మా డ్రాయింగు మాస్టర్లలో ఒక అలవాటుంది. ఎగ్జిబిషనుకు ముందు పిల్లల బొమ్మల మీద మా పెన్సిలు పడుతుంది. దాన్ని 'మాస్టరు చెయ్యి' అంటాం. తప్పని ఎవరూ అనుకోరు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? నాకు నేనే నచ్చజెప్పుకున్నానా?

ఆదివారం పొద్దున రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. పొడుగు కాళ్లు చెరిపేశాను. ఇక చెయ్యి ఆడలేదు. పొట్టి కాళ్లు ఎట్లా ఉంటాయి? మోకాలు ఎక్కడ వస్తుంది? పుట్టినప్పటి నుంచి ఆ ఆవుల మధ్యే తిరుగుతున్నాను, నాకు తెలియదు. లేచి గంగులప్ప ఇంటికి పోయి, ఆవు ముందర నేల మీద చతికిలబడ్డాను. అతని భార్య పేడ ఎత్తుతూ నవ్వింది.

"ఏందప్పా సారూ, పెండ్లిచూపులకు వచ్చినట్ల సూస్తాండావు? నచ్చిందా మా బిడ్డ?"

నచ్చింది. మధ్యాహ్నం దాకా చూశాను. గంగడోలు మడతలు చూశాను. నిలబడి నిలబడి ఒక వెనక కాలును వదులు చేయడం చూశాను. ఇంటికొచ్చి నలభై కాగితాల మీదా ఆ ఆవునే దించాను. పిల్లల చేతిలా ఉండాలని అక్కడక్కడా గీత వంకర పోనిచ్చాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు. ఆ కొత్త పద్ధతి పనిచేస్తుందని నా చేతికే తెలిసింది. ఆ చేత్తోనే అది పనికిరాదని రుజువు చేశాను.

ఫలితాలు మదనపల్లెలో చెప్పారు. మా బడికే ఎక్కువ మార్కులు. కాగితాలన్నీ బడివారీగా బల్లల మీద పరిచారు. బాషా మా వాటిలో ఒకటి తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. నా పక్కకు వచ్చాడు.

"అప్పా, ఈ ఆవును గీసిన బిడ్డకు వయసెంత?"

"పన్నెండు."

"పన్నెండేండ్ల గీత కాదప్పా ఇది. ఇట్ల నిలబడల్లంటే ఇరవై ఏండ్లు గీయల్ల."

"ఏమంటాండావు నువ్వు?"

"నేనేమీ అనలేదప్పా. ఆవు మాత్రం శానా బాగుండాది. సూసి గీసినారు. అదే కదా నేనూ సెప్పేది."

కాగితం బల్ల మీద పెట్టేసి పోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ నెల్లోనే అతన్ని బడి నుంచి తీసేశారు.

నన్ను జాలిపడి వదిలేశాడు. నా మీద జాలిపడటానికి వాడెవడు? ఏళ్ల తరబడి దాన్ని కూడా అవమానంగానే దాచుకున్నాను. అరిచి ఉంటే, నిలదీసి ఉంటే ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకునేవాణ్ణని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు.

ఆ ఫలితాలు చూపించి, పాత పద్ధతే చాలన్నారు. నన్ను పెద్దవాణ్ణి చేశారు. ఎండాకాలం తరగతుల్లో కలకడ నుంచి, రామసముద్రం నుంచి వచ్చిన మాస్టర్లకు నేనే పాఠం చెప్పాను, నేనే చార్టులు పంచాను. వాళ్ల పిల్లలు, ఆ తర్వాతి పిల్లలు, ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా తలదించుకుని గీస్తూనే ఉన్నారు.

రెండేళ్ల కిందట చెప్పేద్దామని కుప్పం పోయాను. బాషా పాలకేంద్రం గోడకు బొమ్మ వేస్తున్నాడు. పొడుగు కాళ్ల, పెద్ద కొమ్ముల ఆవు. నా చార్టులోని ఆవు. నన్ను గుర్తుపట్టి, చేతి రంగు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఏం జేసేదప్పా, ఇదే కావల్లంటారు. పొట్టి ఆవును ఏస్తే, దూడను యాల ఏసినావని నగుతాండారు."

అతనూ నవ్వాడు. టీ తాగి పొమ్మన్నాడు. బస్సుకు టైమయిందన్నాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

మీరు నన్ను క్షమించొద్దు, అది మీ పని కాదు. జాబితాలో నా పేరు కింద ఉండటం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అది పోయేది కాదు. కానీ ఇన్నేళ్లలో ఎక్కడా రాయని మాట ఒకటుంది. ఆ నలభై ఆవులూ పిల్లలు గీసినవి కావు. నేను గీసినవి.

రాశాను. చేతికి కాస్త తెరిపిగా ఉంది. అంతే.